రిజర్వు పిల్ల

మొన్న శనివారం మా బ్యాంకు వాళ్ళు టీమ్ బిల్డింగ్ అంటూ అందరినీ జురాంగ్ ఈస్ట్‌లో ఓ మాల్‌కి తోలుకుపోయారు. అక్కడ పై అంతస్తులో రంగురంగుల గుబ్బలు బిగించిన ఎత్తైన గోడ ఉంది, నడుముకి తాడు కట్టుకుని ఆ గోడ ఎక్కడమే ఆట. చేతులు జారకుండా ఒక్కొక్కరికీ చిన్న గుడ్డసంచీలో తెల్లపొడి ఇచ్చారు. ఆ పొడికి వాసనుండదంటారు గానీ, అన్నవాళ్ళకి ముక్కు పనిచెయ్యదని నా అభిప్రాయం. అరచేతి చెమట తగిలిందంటే చాలు, వానకి తడిసిన సున్నపు గోడ వాసన, పాత రబ్బరు పట్టాల వాసన, చిన్నపిల్లల సాక్సుల వాసన కలగలిసి గుప్పుమంటుంది. నేను చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోతే పక్కనున్న కుర్ర సహోద్యోగి, "రేవతీ, ఓకే ఆర్ నాట్?" అని భుజం తట్టాడు. ఓకేనే. ఇలాంటప్పుడు మనసులో తియ్యగా ఏదో కదిలిందని రాస్తారు అందరూ. నాకు మాత్రం కడుపులో మంట రేగింది. పదేళ్ళ వయసులో పట్టుకున్న కుళ్ళు అది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నాయి, అది మాత్రం చెక్కుచెదరలేదు.

మా ఇల్లప్పుడు ఈ ద్వీపం ఉత్తరపు కొసన, సెంబవాంగ్‌లో. తెల్లదొరల నౌకాదళం ఉన్న రోజుల్లో మా ముత్తాత విజయనగరం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికొచ్చి రేవులో కూలి చేశాడట, తాతయ్య అక్కడే మేస్త్రీ అయ్యాడు, నాన్న అదే ఒడ్డున షిప్‌యార్డులో వెల్డరు. మూడు తరాల్లో మా వాళ్ళు కదిలిందల్లా క్వార్టర్స్ నుంచి గవర్నమెంటు ఫ్లాటుకి. ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా ఓడెక్కినప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉండిపోయి, దాని మీద అరవం, మలయ్ ముక్కలు పేరుకున్నాయి. బజారుని పాసార్ అనేవాళ్ళం, తిన్నావా అనడానికి మకాన్ అయిందా అనేవాళ్ళం. నాన్నమ్మ పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు తెచ్చుకున్న ఆచారాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. పదకొండో అంతస్తులో గడపే లేని తలుపుకి పసుపుతో గడప గీసుకుంది. శుక్రవారం దీపం పెట్టాక ఆ పసుపుగీత దాటి ఉప్పూ, పాలూ, పెరుగూ బయటికి పోకూడదు. పోతే లక్ష్మీదేవి లిఫ్టెక్కి దిగిపోతుందని మా నమ్మకం.

నవంబరు వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఆకాశం నల్లబడిపోయి, బ్లాకు కింద ఖాళీ జాగాలో మేమందరం చేరి, రబ్బరుబ్యాండ్లు జడలా అల్లిన తాడు మీదుగా ఎవరెత్తు గెంతగలరో చూసుకునేవాళ్ళం. మలయ్ పిల్లలు, చైనా పిల్లలు, మేమూ. చీలమండ ఎత్తు నుంచి మొదలుపెట్టి మోకాలు, నడుము, భుజం, చెవి దాకా తాడు లేపుతూ పోతే చివరికి నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. చేతులు నేల మీద ఆన్చి కాళ్ళు గాల్లోకి తిప్పి తాడుని కాలివేలితో కిందికి లాగేదాన్ని. దీపావళికి అమ్మ వండిన మురుకులూ, కొబ్బరుండలూ పళ్ళెంలో పెట్టుకుని పక్కింటి మలయ్ పిన్నిగారు పాతిమా మకిక్‌కి ఇవ్వడానికి కూడా వరండాలో బండిచక్రంలా పిల్లిమొగ్గలు వేసుకుంటూ పోదామనిపించేది. పళ్ళెం ఉందని ఊరుకునేదాన్ని. "ఆడపిల్లకి ఆ పిల్లిమొగ్గలేటే, ఒలమ్మ, నడుం ఇరిగితే ఎవడు సేసుకుంటాడు!" అని నాన్నమ్మ. "పోనీలే అమ్మా, ఏదో ఒకటి సక్కగా వచ్చింది దానికి" అని నాన్న. లెక్కల్లో నా మార్కులు తెలిసిన మనిషి కాబట్టి అలా అన్నాడు.

ఆ పిల్లిమొగ్గలు చూసే మా స్కూలు పీటీ టీచరు నన్ను సాయంత్రం జిమ్నాస్టిక్స్ క్లబ్బులో చేర్చింది. స్కూలు హాల్లోనే, బల్లలు ఓ మూలకి నెట్టి, నీలం పట్టాలు పరిచి నడిచే చిన్న క్లబ్బు. అక్కడ కోచ్ అనాహిత్. ఆర్మేనియా నుంచి వచ్చింది. ఆ దేశం ఎక్కడుందో మాకెవరికీ తెలీదు, నాన్న అట్లాసులో వెతికి బొటనవేలు పెడితే దేశమంతా గోటికింద దాగిపోయింది. పొట్టి మనిషి, నల్లటి జుట్టు నున్నగా వెనక్కి లాగి కట్టిన ముడి, వంకరపోయిన కుడి మోకాలు, ఈ ఊరి ఉక్కపోతలో కూడా మెడదాకా జిప్పు లాగిన ట్రాక్‌సూటు. కోపమొస్తే రష్యన్‌లో తిట్టేది, సంతోషమొస్తే ఆర్మేనియన్‌లో పొగిడేది, మామూలప్పుడు ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. మాకు మూడూ తెలీకపోయినా ఏది ఏదో ఇట్టే తెలిసిపోయేది.

ఆవిడ కథ మాకు ఒక్కసారిగా తెలియలేదు. పట్టాలు మోసేటప్పుడు కాస్త, వాన తగ్గేదాకా వరండాలో నిలబడ్డప్పుడు కాస్త చెప్పింది. ఆరేళ్ళప్పుడు ఎవరో స్కూలుకొచ్చి పిల్లల మెడలూ, మడమలూ వంచి చూసి ఆవిణ్ణి ఏరుకుపోయారట. వాళ్ళ ఊరి జిమ్ము రాతికట్టడం, చలికాలంలో పట్టుకుని ఊగే బార్లు చేతికి అంటుకునేంత చల్లగా ఉంటే, నోటితో ఊది వెచ్చబెట్టుకుని పట్టుకునేవాళ్ళట. అప్పటికి ఆర్మేనియా సోవియట్ దేశంలో ఓ ముక్క. పద్నాలుగేళ్ళకి మాస్కో శిబిరానికి తీసుకెళ్ళారు. అరచేయంత వెడల్పుండే కొయ్యదూలం, బీమ్, దాని మీద ఆవిణ్ణి మించినవాళ్ళు లేరన్నారట. తర్వాత మోకాలు పోయింది, ఇరవయ్యేళ్ళకే కోచ్ అయింది. ఆ తర్వాత దేశమే ముక్కలైంది, కరెంటు లేని చలికాలాలు వచ్చాయి, కొవ్వొత్తులు పెట్టి పిల్లలకి పల్టీలు నేర్పింది. "చీకట్లో పిల్లల్ని గాల్లోకి ఎగరెయ్యకూడదు, అందుకే ఇక్కడికొచ్చాను" అంది. మాస్కో శిబిరానికీ మోకాలు పోవడానికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అక్కడికి రాగానే ఈల ఊదేది.

పల్టీ బాగా వచ్చినవాళ్ళ పేరు చివర "జాన్" అని తగిలించేది. మన "అమ్మా", "తల్లీ" లాంటిదన్నమాట. నన్ను రేవతీ జాన్ అన్నరోజు లిఫ్టు కోసం ఆగకుండా పదకొండు అంతస్తులూ మెట్లెక్కి ఇంటికెళ్ళాను. ఇంకొకర్ని ఎవర్నైనా అంటే ఆ పిల్ల జడ పట్టి లాగాలనిపించేది. కోచ్ నా సొత్తు అని ఎలా అనుకున్నానంటే, దానికి కారణం మజ్జిగ. ఓరోజు ప్రాక్టీసయ్యాక అమ్మ ఫ్లాస్కులో ఇచ్చిన ఉప్పేసిన చల్లటి మజ్జిగ తాగుతుంటే కోచ్ వచ్చి వాసన చూసింది. ఫ్లాస్కు లాక్కుని గటగటా తాగి, కళ్ళు మూసుకుని, ఏదో ఆర్మేనియన్‌లో గొణిగింది. వాళ్ళ ఊళ్ళోనూ అచ్చం ఇదే తాగుతారట, ఇక్కడ కొట్లో దొరికే తియ్యటి డబ్బా పెరుగు మొహం మొత్తేలా ఉందట. అంతే, ఆ రోజు నుంచి రెండు ఫ్లాస్కులు మోసుకెళ్ళాను. మిగిలిన పిల్లలు స్టిక్కర్లూ, కీచెయిన్లూ తెచ్చిచ్చినా ఆవిడ చూపు నా సంచీ మీదే ఉండేది. ఇంతకంటే రాణివాసం ఇంకోటి ఉంటుందా అని నేను అనుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ల వాళ్ళు దిగారు. ఎక్కడ చూసినా కొత్త తెలుగువాళ్ళు. దేవుడి గుళ్ళో, ట్రైన్లో, లిటిల్ ఇండియాలో కరివేపాకు బుట్ట దగ్గర. చంకలో ల్యాప్‌టాపు సంచీ, మెడలో కంపెనీ కార్డు, వాళ్ళ తెలుగు రేడియోలోంచి వచ్చినట్టుండేది. నాన్న షిప్‌యార్డు నుంచి కాలిన చేతులతో వచ్చేసరికి వాళ్ళు చల్లటి ఆఫీసుల్లోంచి నలగని చొక్కాలతో వచ్చేవాళ్ళు. అలాంటి ఓ హైదరాబాదు కుటుంబం జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాటు అద్దెకి తీసుకుంది. వాళ్ళమ్మాయి స్నిగ్ధ. మా క్లబ్బు పేరు ఎవరో చెబితే అంత దూరం నుంచి తల్లీకూతుళ్ళిద్దరూ ట్రైనెక్కి వచ్చారు. నాకంటే ఏడాది చిన్నది, సన్నగా, కళ్ళు మాత్రం ఇంతింత. వచ్చిన రోజే బూట్లు విప్పి బీమ్ ఎక్కి, కాఫీ హోటల్లో నడిచినట్టు ఆ చివరికి నడిచి, అక్కడ ఒంటికాలి మీద గిర్రున తిరిగి, "ఇట్లనా?" అంది. అంతకు ముందు ఎక్కడా నేర్చుకోలేదట! నేను ఆ తిప్పు కోసం రెండు వాన కాలాలు దెబ్బలు తిన్నాను. కోచ్ నోట్లో ఈల పెట్టుకుని ఊదడం మర్చిపోయింది.

వాళ్ళమ్మ నా జడా, మా అమ్మ చీరా చూసి, "అయ్యో, మీరు తెలుగోళ్ళా? నేను తమిళోళ్ళనుకున్న ఇన్నిరోజులు. మీ మాట జరంత వేరే ఉంది గదా" అంది నవ్వుతూ. మంచి మనిషే, మనసులో ఏమీ లేదు. కానీ మా అమ్మ ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

అలా ఉండగా ఓ శుక్రవారం ప్రాక్టీసయ్యాక కోచ్ నాతో, "మీ ఇంటికొస్తాను, నాకు ఓ చెంచా పెరుగు కావాలి, ఇంట్లో నేనే తోడుపెట్టుకుంటాను" అంది. కోచ్ మా ఇంటికి! నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆవిడుండేది కూడా జురాంగ్ వైపే కాబట్టి, కలిసి ట్రైనెక్కుదామని స్నిగ్ధా, వాళ్ళమ్మా కూడా వెంట తగులుకున్నారు. మేం పైకొచ్చేసరికి దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. అమ్మ కాఫీ పెట్టింది, మురుకుల డబ్బా తీసింది, పులిహోర పొట్లం కట్టింది. కోచ్ చేతిలో ఖాళీ జామ్ సీసా పట్టుకుని, చదువుకోడానికొచ్చిన పిల్లలా సోఫా అంచున కూర్చుంది. నేను పెరుగు గిన్నె కోసం వంటింట్లోకి పరిగెడితే నాన్నమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

"దీపం పెట్టీసినాం కదే. సుక్కురోరం పూట పెరుగు గడప దాటిస్తే ఇంకేటన్నా ఉందా? రేపు పొద్దున్న పట్టికెళ్ళు."

"నాన్నమ్మా, కోచే, కోచ్!"

"కోచయితేటి, మీ నాన్నడిగినా ఇవ్వను."

అమ్మ మొహం ఎర్రబడింది. నేను కోచ్‌కి ఇంగ్లీషులో ఏదో నసిగాను. కోచ్ పట్టించుకోకుండా పరవాలేదన్నట్టు చెయ్యి ఊపింది. ఇంతలో స్నిగ్ధ వాళ్ళమ్మ లేచి, "గదేముందండి, మా ఇంట్ల ఉంది. దార్లనే గదా, సీసా ఇటియ్యండి, మేమవన్నీ పట్టించుకోం" అంది. జామ్ సీసా కోచ్ చేతిలోంచి స్నిగ్ధ చేతిలోకి పోయింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతుల్తో పొట్టకి ఆనించి పట్టుకుని లిఫ్టులోకి వెళ్ళడం నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. "పట్టించుకోరట!" అని లోపల నాన్నమ్మ గిన్నెలు దబదబా పడేస్తోంది.

మర్నాడు శనివారం పొద్దుటి ప్రాక్టీసుకి స్టీలుడబ్బాలో తోడు తీసుకెళ్ళాను. కోచ్ నన్ను చూడగానే బొటనవేలు పైకెత్తి, పెరుగు రాయిలా తోడుకుందని సంబరంగా చెప్పింది. స్నిగ్ధ జాన్ వాళ్ళింటి పెరుగు. నా డబ్బా సంచీలోంచి బయటికి తియ్యలేదు. ఆ రోజు నుంచి నా కళ్ళకి అన్నీ పెరుగులోంచే కనబడ్డాయి. స్నిగ్ధ నడుం కింద కోచ్ చెయ్యి ఇంకాస్త సేపు నిలిచిందా, పెరుగు. నన్ను పక్కకి జరగమందా, పెరుగు. ముగ్గురూ ఒకే ట్రైన్లో కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే నేను ప్లాట్‌ఫాం ఇవతల నిలబడి ఒళ్ళు మండిపోతూ చూసేదాన్ని. ట్రైన్లో ఏం మాట్లాడుకుంటారు వీళ్ళు! నాకు చెప్పని మాస్కో కబుర్లు దానికి చెబుతోందా?

ఆ ఏడాది ఊళ్ళో క్లబ్బులన్నిటికీ కలిపి పెద్ద పోటీ. మా క్లబ్బు నుంచి నలుగురు, ఒక రిజర్వు. నలుగురిలో ఎవరికైనా కాలు మడతపడితే రిజర్వు దిగాలి, లేకపోతే చివరిదాకా బెంచీ. నేను నలుగురిలో ఉంటానని అనుకోవడం కూడా కాదు, అది సూర్యుడు తూర్పున వస్తాడన్నంత మామూలు సంగతి నాకు. కోచ్ మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి ఒక్కో పేరూ పలికింది. నాలుగో పేరు స్నిగ్ధ. ఐదోది నాది. రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని, కొత్తగా వచ్చిన ఆ కాఫీ హోటల్ నడక పిల్లకి నేను రిజర్వు!

ఇంట్లో యుద్ధమే జరిగింది. అమ్మ జన్మలో మొదటిసారి అత్తగారికి ఎదురు తిరిగింది, "ఒక్క చెంచా పెరుగత్తయ్యా, ఒక్క చెంచా! పిల్ల రెండేళ్ళ కష్టం" అని ఏడ్చింది. "పెరుక్కీ పల్టీలకీ ఏటి సంబంధం, మీకు మతి పోయిందా?" అని నాన్న పేపరు వెనక నుంచి అన్నాడు గానీ ఆయన మాట ఎవరు వింటారు? నాన్నమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "వచ్చే సుక్కురోరం మీ కోచమ్మని మకాన్‌కి రమ్మను. సుక్కురోరమే" అంది.

ఆ శుక్రవారం కోచ్ ఒక్కత్తే వచ్చింది. బయట చీకటి పడిపోయింది, చుట్టుపక్కల బ్లాకుల్లో లైట్లన్నీ వెలిగాయి, మా ఇంట్లో మాత్రం దేవుడి గూడు చీకటిగా ఉంది. దాని ముందు నాన్నమ్మ పీట మీద అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుని ఉంది. వత్తి వేసింది, నూనె పోసింది, వెలిగించలేదు. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టాక సంధ్య వేళ దాటించి దీపం ఆపడం ఆవిడకి అదే మొదలు. దీపం పెట్టాక కదా పెరుగు ఇవ్వకూడనిది! కోచ్ లోపలికి రాగానే లేచి, నిండు గిన్నెడు పెరుగు రెండు చేతులా అందించి, అప్పుడు నాతో, "అడుగు. నా మనవరాల్ని ఎందుకు తీసీసినావో అడుగు" అంది.

నా గురించిన ప్రశ్న నేనే ఇంగ్లీషులోకి మార్చి అడగాలి. అడిగాను. కోచ్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నాన్నమ్మ వైపు కాదు, నా వైపే చూసి చెప్పింది.

"స్నిగ్ధ నీకంటే బాగా చేస్తుంది. అంతే. నీకు తెలుసు కదా?"

తెలుసు. నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ముక్క నాన్నమ్మకి తెలుగులో కూడా నేనే చెప్పాలి. చెప్పాను. పెరుగు వల్ల కాదు, పసుపుగీత వల్ల కాదు, అది నాకంటే బాగా చేస్తుంది. నాన్నమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "దానికేటి తెలుస్తాది ఈ బాధ" అంది. అదీ చెప్పాను, కసిగానే చెప్పాను. అప్పుడు కోచ్ ఇన్నాళ్ళూ ఈల ఊదేసిన ముక్క చెప్పింది. మాస్కోలో ఆవిడా రిజర్వే. చివరి నిమిషంలో ఆవిడ స్థానం పక్క మంచం పిల్లకి ఇచ్చారు. జడలు ఒకరికొకరు వేసుకునేంత స్నేహం. పోటీలు జరిగినన్ని రోజులూ ఆవిడ ట్రాక్‌సూటు జిప్పు మెడదాకా లాక్కుని బెంచీ మీద కూర్చుంది.

"ఆ పిల్ల పడిపోవాలనుకున్నారా?" అని అడిగాను.

"ప్రతి రోజూ."

"పడిందా?"

"లేదు. ఒక్కసారి కూడా పడలేదు" అంది కోచ్, ఇప్పటికీ ఆ కోపం తగ్గనట్టు.

ఇదంతా తెలుగులో విన్నాక నాన్నమ్మ అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. "పాపం, కూకుని తినమను" అంది అమ్మతో.

పోటీ రోజు కోచ్ నాతో రిజర్వు పిల్ల చెయ్యాల్సినవన్నీ చేయించింది. అందరితో పాటు ఒళ్ళు వేడెక్కించుకోవాలి, చేతులకి పొడి రాసుకోవాలి, ఒంటికి అతుక్కునే లియోటార్డు మీద ట్రాక్‌సూటు వేసుకుని జిప్పు పైదాకా లాక్కుని, ఏ క్షణాన్నైనా దిగేలా కూర్చోవాలి. కూర్చున్నాను. అమ్మా, నాన్నా, నాన్నమ్మా పైన కుర్చీల్లో. వాళ్ళ పక్కనే స్నిగ్ధ వాళ్ళమ్మా, కెమెరా పట్టుకుని వాళ్ళ నాన్నా. స్నిగ్ధ బీమ్ ఎక్కింది. పడు, పడు, పడు అనుకున్నాను, పళ్ళు బిగించి, పిడికిళ్ళు బిగించి, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుని. వెనక్కి వంగి చేతుల మీద లేచింది, కాళ్ళు దూలం మీద తిరిగి ఆనాయి, కదల్లేదు. ఒంటికాలి మీద తిరిగింది, కదల్లేదు. ఆ పిల్ల మొహంలో భయం లేదు, కష్టం లేదు, అసలు అదో పెద్ద విషయమన్న ఆలోచనే లేదు. అదే నాకు మరీ మంట. చూడలేక పక్కకి తిరిగితే కోచ్ కనిపించింది. మెడదాకా జిప్పు. పిడికిళ్ళు బిగించి ఉన్నాయి, దవడ బిగించి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గర్వం అనుకుంటారు ఎవరైనా. నేను బెంచీ మీద దాన్ని కాబట్టి నాకు తెలిసింది. ఆవిడ కూడా ఆ పిల్లని చూసి కుళ్ళుకుంటోంది. స్నిగ్ధ గాల్లో తిరిగి పట్టా మీద నిలబడగానే అందరికంటే ముందు పరిగెత్తి ఆ పిల్లని ఎత్తుకుంది కూడా ఆవిడే.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే కంప్యూటర్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి చప్పబడ్డాయి. స్నిగ్ధ వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది, వాళ్ళు సామాను సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయారు. అక్కడ స్నిగ్ధ జిమ్నాస్టిక్స్ వదిలేసి, ఓ ఎంట్రన్సు కోచింగులో చేరిపోయింది. బాధ కూడా పడలేదట! ఆ కాళ్ళు నాకుంటే ఆటకి ప్రాణం పెట్టేదాన్ని. వెళ్ళేముందు స్నిగ్ధ చివరిసారి క్లబ్బుకి వచ్చినప్పుడు కోచ్ హాలు వెనక మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. దాని స్థానంలోకి నేనే వచ్చాను. నలుగురిలో ఒకదాన్నయ్యాను, పతకాలు కూడా తెచ్చాను, పదహారేళ్ళ దాకా ఆ పట్టాల మీదే పెరిగాను. నేను మానేసిన రోజున కోచ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి, "బాగా కష్టపడ్డావు, రేవతీ జాన్" అంది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆ తేడా నేనెలా మర్చిపోతాను చెప్పండి?

ఆ స్కూలుని ఇంకో స్కూల్లో కలిపేశారు, హాలు కొట్టేసి ఫ్లాట్లు లేపారు. బ్లాకుల కింద ఇప్పుడు పిల్లలు ఫోన్లు పట్టుకుని పక్కపక్కనే కూర్చుంటారు, రబ్బరుబ్యాండ్ల తాడు అంటే మా అమ్మాయికి బొమ్మ గీసి చూపించాల్సొచ్చింది. "వై యు ఆల్ జంప్ ఫర్ వాట్, లా" అంది. నాన్నమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్న మోకాళ్ళ నొప్పులతో షిప్‌యార్డు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటాడు, వినేవాళ్ళు తక్కువ. అనాహిత్ కోచ్ ఎప్పుడో ఆర్మేనియా వెళ్ళిపోయింది. వాళ్ళ ఊళ్ళో పిల్లలకి నేర్పి నేర్పి, రెండో మోకాలు కూడా పోయాక మానేసి, ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో ఉంటుంది.

అప్పుడప్పుడూ ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళకి పొద్దున్న పూట, నేనే వీడియో ఫోన్ చేస్తాను. ఆవిడ అందరు శిష్యురాళ్ళలోనూ ఇంకా ఫోన్ చేసేదాన్ని నేనొక్కదాన్నే. స్నిగ్ధ ఒక్కసారి కూడా చెయ్యలేదు, చెయ్యదు, దానికి ఆ రోజులు సరిగ్గా గుర్తు కూడా లేవు. నేను ఫోన్ ఎత్తి పట్టుకోగానే ఆ ముడతల మొహం తెరకి మరీ దగ్గరగా వచ్చి, నా ఆరోగ్యం, నా పిల్లలు, వాటికంటే ముందే అడుగుతుంది, "స్నిగ్ధ ఎలా ఉంది?" అని. అలా అడుగుతుందని తెలుసు కాబట్టే ఇన్నేళ్ళుగా నేను స్నిగ్ధ ఆచూకీ వదల్లేదు. ఫోన్ నంబరు మారితే వెతికి పట్టుకున్నాను, దాని పెళ్ళికి శుభాకాంక్షలు పంపాను, దాని కొడుకు పుట్టినరోజు గుర్తుపెట్టుకున్నాను, దాని కొత్త ఇంటి ఫొటో అడిగి తెప్పించుకున్నాను. మొన్న గోడ ఎక్కొచ్చాక కూడా ఫోన్ చేశాను. స్నిగ్ధకి ప్రమోషన్ వచ్చిందని, వాళ్ళబ్బాయి స్కూల్లో పరుగుపందెం గెలిచాడని చెబితే, అక్కడ కిటికీ పక్కన ఆవిడ మొహం చేటంత అయింది. నా గురించి చెబుతుంటే ఎప్పుడూ అంత కాలేదు. కుళ్ళుకుంటూనే ఇంకా ఏమైనా మిగిలాయేమోనని వెతుక్కుని, స్నిగ్ధ కబుర్లే మరో రెండు చెప్పాను.